రక్తం చీటీలో పాళ్ళు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో కొట్పాడ్ నుంచి ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



నేను మైకు పట్టుకుంటే నూలు ధర, రిబేటు బకాయి, అమ్ముడుపోని సరుకు గురించే మాట్లాడతానని మీకు తెల్సు. ఆ మాటలు మధ్యాహ్నం మీటింగులో ఎలాగూ ఉంటాయి. ఇప్పుడు వేరే సంగతి చెప్తాను. గత కొన్నేళ్ళలో మన కుటుంబాల్లో రెండు ఇళ్ళకి లింఫోమా అనే జబ్బు వచ్చింది. ఆ రెండిళ్ళ వాళ్ళతోనూ నేను ఆసుపత్రికి తిరిగాను. అక్కడ రక్త పరీక్ష చీటీలో కొన్ని అంకెలు చూసి మనవాళ్ళు ఎలా బెదిరిపోయారో, ఎలా ధైర్యపడ్డారో చూశాను. ఆ అంకెలు ఏం చెప్తాయి, ఏం చెప్పవు అన్నది ఇవాళ మీ ముందు పెడతాను. నేను చదివింది ఎనిమిదో తరగతి. డాక్టర్ల దగ్గర అడిగి తెలుసుకున్నదే చెప్తున్నాను గానీ వైద్యం చెప్పడం లేదు.

ముందు జబ్బు సంగతి.

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. పన్ను పుచ్చితే దవడ కింద బిళ్ళ కడుతుంది. ఆ బిళ్ళలు మన ఒంటికి కాపలా చౌకీలు. మెడలో, చంకల్లో, గజ్జల్లో, గుండె పక్కన, కడుపు లోపల కూడా ఉంటాయి. వాటిల్లో ఉండే కాపలావాళ్ళని లింఫోసైట్లు అంటారు. తెల్ల రక్తకణాల్లో అవి ఒక రకం. ఆ లింఫోసైట్లలోనే ఒకటి పాడై, ఆగకుండా పిల్లలు పెట్టుకుంటూ పోతే దాన్ని లింఫోమా అంటారు. అదొక రకం కేన్సరు. 1832లో లండన్ డాక్టరు థామస్ హాడ్జ్‌కిన్ ఇలాంటి బిళ్ళల జబ్బు గురించి మొదట రాశాడు. అందుకే ఒక రకానికి హాడ్జ్‌కిన్ లింఫోమా అని పేరు. అది కాని రకాలు చాలా ఉన్నాయి.

మామూలు బిళ్ళ నొప్పెడుతుంది, వారం పది రోజుల్లో తగ్గుతుంది. ఈ జబ్బు బిళ్ళ చాలాసార్లు నొప్పెట్టదు. రబ్బరులాగ ఉంటుంది, తగ్గదు, మెల్లగా పెరుగుతుంది. కొందరికి సాయంత్రం జ్వరం, రాత్రి దుప్పటి తడిసేంత చెమట, తిండి సరిగానే తింటున్నా బరువు తగ్గడం ఉంటాయి. కొందరికి ఒళ్ళంతా దురద. నొప్పి లేదు కదా అని ఊరుకునేది మనం. ఇక్కడ నొప్పి లేకపోవడమే అనుమానించాల్సిన గుర్తు.

ఇంకో చిక్కు ఉంది. బిళ్ళల క్షయ మన దేశంలో ఎక్కువ. దానిక్కూడా ఇవే గుర్తులు: బిళ్ళ, జ్వరం, చెమట, బరువు తగ్గడం. అందుకని లింఫోమాకి క్షయ మందు నెలల తరబడి మింగే వాళ్ళు ఉంటారు. క్షయ మందులు మంచివే, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, క్షయ అని తేలితే తప్పకుండా పూర్తిగా మింగాలి. కానీ రెండు నెలలు మింగినా బిళ్ళ తగ్గకపోతే, లేదా పెరిగితే, "ముక్క తీసి పరీక్ష చెయ్యాలా అండీ?" అని మనమే నోరు తెరిచి అడగాలి.

ఇప్పుడు రక్తం చీటీకి వద్దాం.

సీబీసీ అనే పరీక్ష మీలో చాలామంది చేయించుకున్నారు. జ్వరమొస్తే రాసే మొదటి పరీక్ష అదే. ఆ చీటీలో హిమోగ్లోబిన్ ఉంటుంది, ప్లేట్లెట్లు ఉంటాయి, తెల్ల కణాల మొత్తం ఉంటుంది. దాని కింద డిఫరెన్షియల్ కౌంట్ అని ఇంకో నాలుగైదు వరసలు ఉంటాయి. మనం ఎవరం ఆ వరసలు చూడం. హిమోగ్లోబిన్ ఎంత, ప్లేట్లెట్లు ఎంత అని అడిగి చీటీ మడిచి జేబులో పెట్టుకుంటాం.

ఆ నాలుగైదు వరసల్లో మూడు మనకి కావాలి. మొదటిది న్యూట్రోఫిల్స్. చీము, దెబ్బ, వాపు ఎక్కడున్నా మొదట పరిగెత్తేవి ఇవి. రెండోది లింఫోసైట్లు, ఇందాక చెప్పిన కాపలావాళ్ళు. మూడోది మోనోసైట్లు. ఇవి రక్తంలోంచి కండలోకి, గడ్డలోకి దిగి చెత్త తినే కణాలుగా మారతాయి. ఆ మారిన కణాల్ని మాక్రోఫేజ్‌లు అంటారు.

ఒక్కొక్క దాని అంకె కాకుండా, ఒకదానికి ఇంకొకటి ఎన్ని పాళ్ళు ఉందో చూడటం డాక్టర్లు మొదలుపెట్టారు. బళ్ళో దీన్ని నిష్పత్తి అన్నారు, మన ఇళ్ళల్లో పాళ్ళు అంటాం. పాళ్ళ సంగతి మనకి కొత్త కాదు. రంగు కాగే దగ్గర కూర్చున్న ప్రతి ఆడమనిషికీ తెల్సు. ఆల్ చెట్టు వేరు బెరడు ఎంత వేశామన్నది ఒక్కటే చూస్తే రంగు తెలీదు, ఎంత నూలుకి ఎంత బెరడు అన్నది చూడాలి. అదే బెరడు తక్కువ నూలుకి వేస్తే ముదురు ఎరుపు, ఎక్కువ నూలుకి వేస్తే లేత రంగు. సంఘంలో బట్ట తీసుకునేటప్పుడు నేను తూకం ఒక్కటే చూడను. అంగుళానికి పడుగు పోగులు ఎన్ని, పేక పోగులు ఎన్ని అని అద్దం పెట్టి లెక్కిస్తాను. ఒకే తూకం ఉన్న రెండు బట్టల్లో ఒకటి గట్టిది, ఒకటి పల్చనిది కావచ్చు. రక్తం కూడా అంతే.

ఒక లెక్క చేసి చూపిస్తాను. ఒకాయన చీటీలో న్యూట్రోఫిల్స్ 70 శాతం, లింఫోసైట్లు 20, మోనోసైట్లు 8 ఉన్నాయి అనుకోండి. 70ని 20తో భాగిస్తే 3.5. ఇది న్యూట్రోఫిల్స్‌కీ లింఫోసైట్లకీ ఉన్న పాలు. 20ని 8తో భాగిస్తే 2.5. ఇది లింఫోసైట్లకీ మోనోసైట్లకీ ఉన్న పాలు. ఇంకొకాయన చీటీలో న్యూట్రోఫిల్స్ 80, లింఫోసైట్లు 8, మోనోసైట్లు 10. ఆయనకి మొదటి పాలు 10, రెండోది 0.8. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో మొదటి పాలు సుమారు 1 నుంచి 3 మధ్య ఉంటుంది. చిన్నపిల్లల్లో లింఫోసైట్లు సహజంగానే ఎక్కువ, ఈ లెక్క వాళ్ళకి పనికిరాదు.

మొదటి పాలు పెరిగితే, రెండో పాలు తగ్గితే మంచిది కాదంటారు. ఎందుకు? లింఫోసైట్లు తగ్గాయంటే జబ్బుని అదుపు చేసే మంచి కాపలావాళ్ళు తగ్గారన్నమాట. న్యూట్రోఫిల్స్ పెరిగాయంటే లోపల వాపు మంట ఎక్కువగా ఉన్నట్టు. మోనోసైట్ల సంగతి కాస్త వింత. అవి గడ్డలోకి దిగాక గడ్డని తినడం మానేసి, గడ్డ పెరగడానికే సాయం చేస్తాయి. కాపలాకి వచ్చినవాడు దొంగతో చేతులు కలిపినట్టు. 2010లో కెనడాలో వాంకూవర్ డాక్టర్లు హాడ్జ్‌కిన్ రోగుల గడ్డ ముక్కలు పరీక్షించి, వాటిలో మాక్రోఫేజ్‌లు ఎక్కువ ఉన్నవాళ్ళకి మందులు సరిగా పనిచెయ్యకపోవడం ఎక్కువ అని చూపించారు. 2012లో అమెరికాలో మాయో క్లినిక్ డాక్టర్లు 476 మంది హాడ్జ్‌కిన్ రోగుల పాత రికార్డులు తీసి, జబ్బు బయటపడిన రోజు రక్తంలో లింఫోసైట్లకీ మోనోసైట్లకీ పాలు 1.1 కన్నా తక్కువ ఉన్నవాళ్ళు, ఎక్కువ ఉన్నవాళ్ళ కన్నా కష్టపడ్డారని లెక్క చూపించారు. తర్వాత చాలా దేశాల్లో, వేరే రకాల లింఫోమాల్లో కూడా ఇలాగే లెక్కలు వచ్చాయి.

ఇందులో మంచి ఏంటంటే, ఇది పేదవాడి పరీక్ష. కొత్త మిషను అక్కర్లేదు, మళ్ళీ రక్తం తియ్యక్కర్లేదు. ఏ చిన్న ల్యాబులోనైనా చేసే చీటీలోనే ఈ లెక్క ఉంది.

కానీ దీని హద్దులు కూడా తెలుసుకోవాలి. ఒక్కో చోట ఒక్కో గీత గీశారు. ఒకరు 1.1 దగ్గర, ఇంకొకరు 2 దాటాక, 3 దగ్గర. మనలో ఒక సంఘం గజానికి ఒక కొలబద్ద, ఇంకో సంఘం ఇంకో కొలబద్ద వాడితే బట్ట ఎలా అమ్ముతాం? అందుకని ఏ డాక్టరూ ఈ పాళ్ళు ఒక్కటే చూసి మందు మార్చరు, మందు ఆపరు. ఇంకోటి, కొన్ని రకాల లింఫోమాల్లో పాడైన లింఫోసైట్లే రక్తంలోకి వచ్చేస్తాయి. అప్పుడు చీటీలో లింఫోసైట్లు ఎక్కువ కనిపిస్తాయి, అవి మంచివి కావు. పాళ్ళు బాగున్నాయని జబ్బు లేనట్టు కాదు. జబ్బు ఉందా లేదా, ఏ రకం అన్నది తేల్చేది బిళ్ళ ముక్క పరీక్ష ఒక్కటే. దాన్నే బయాప్సీ అంటారు. జబ్బు ఎంత మొండిది అన్నదాంట్లో ఈ పాళ్ళు ఒక సాక్షి మాత్రమే.

డాక్టర్లు చాలా ఏళ్ళుగా వాడుతున్న పట్టికలు వేరే ఉన్నాయి. హాడ్జ్‌కిన్ కాని గట్టి రకాలకి 1993లో ఒక పట్టిక వచ్చింది. వయసు 60 దాటిందా, ఎల్.డి.హెచ్ అనే రక్త పరీక్ష పెరిగిందా, మనిషి లేచి పని చేసుకోగలుగుతున్నాడా, జబ్బు ఏ దశ, బిళ్ళలు కాకుండా ఇంకెన్ని చోట్లకి పాకింది అని ఐదు ప్రశ్నలు. ముదిరిన హాడ్జ్‌కిన్‌కి 1998లో ఇంకో పట్టిక వచ్చింది. జర్మనీ డాక్టరు హాసెన్‌క్లెవర్, ఆయన తోటివాళ్ళు 5,000 మందికి పైగా రోగుల రికార్డులు పోగుచేసి తయారు చేశారు. అందులో ఏడు అంశాలు: ఆల్బుమిన్ 4 కన్నా తక్కువ, హిమోగ్లోబిన్ 10.5 కన్నా తక్కువ, మగవాడు కావడం, వయసు 45 ఆపైన, నాలుగో దశ, తెల్ల కణాలు 15,000 ఆపైన, లింఫోసైట్లు 600 కన్నా గానీ 8 శాతం కన్నా గానీ తక్కువ. ఒక్కోదానికి ఒక్కో మార్కు. చూశారా, ఏడింటిలో మూడు మన మామూలు సీబీసీ చీటీలోవే. ఈ పట్టికలో మార్కులు ఎక్కువొస్తే జబ్బు మొండిది అన్నమాట.

ఇక మా గుంటడి సంగతి చెప్తాను. వాళ్ళ నాన్న చెప్పమన్నాడు, పేరు వద్దన్నాడు.

మా సంఘంలో ఒక నేతగాడి కొడుకు, అప్పటికి 24 ఏళ్ళు. గుంటమగ్గం మీద చేతివాటం ఉన్న కుర్రాడు. మెడకి ఎడమ పక్క బిళ్ళ కట్టింది. ఊళ్ళో సూదిమందు వేసే ఒకాయన దగ్గరకి వెళ్తే సూదులు వేశాడు. జ్వరం తగ్గింది, బిళ్ళ కూడా కాస్త తగ్గింది. నెల తిరక్కుండా మళ్ళీ పెరిగింది. తర్వాత ఒకచోట పరీక్ష లేకుండానే క్షయ మందు రాశారు. నాలుగు నెలలు మింగాడు. ఎనిమిది కిలోలు తగ్గిపోయాడు. అప్పుడు జయపురంలో రైలెక్కి విశాఖపట్నం తీసుకెళ్ళాం.

అక్కడ బిళ్ళ మొత్తం తీసి పరీక్ష చేశారు. హాడ్జ్‌కిన్ లింఫోమా, మూడో దశ అన్నారు. మందు మొదలుపెట్టే ముందు రోజు రాత్రి, సత్రం గదిలో, కూడా వచ్చిన మేనల్లుడు సీబీసీ చీటీ చూసి ఫోన్లో లెక్కలు కొట్టాడు. తెల్ల కణాలు 11,000. న్యూట్రోఫిల్స్ 79, లింఫోసైట్లు 9, మోనోసైట్లు 10. లింఫోసైట్లకీ మోనోసైట్లకీ పాలు 0.9. ఫోన్లో ఏదో చదివి, "మావయ్యా, 1.1 కన్నా తక్కువుంటే బతకరంట" అన్నాడు. ఆ మాట గుంటడి చెవిన కూడా పడింది.

తెల్లారేసరికి తండ్రి సంచి సర్దేశాడు. "ఎందుకు బాబూ, ఆడ్ని సూదులతో హింస పెట్టి, ఉన్న కాస్త పొలం అమ్మేసి, చివరికి చేతిలో ఏం మిగల్దు. ఇంటికి తీసుకుపోతాం, ఉన్నన్నాళ్ళు కళ్ళ ముందు ఉంటాడు" అన్నాడు. ఆ తండ్రిని నేను తప్పు పట్టను. ఇంట్లో ఇంకా ఇద్దరు ఆడపిల్లలున్నారు. నేను ఒక్క మాటే అన్నాను: "బావా, లెక్క చెప్పినవాడు ఫోను. ఒకసారి డాక్టరమ్మని అడిగి, అప్పుడు రైలెక్కుదాం."

ఆ డాక్టరమ్మ చిన్న వయసే. చీటీ తీసుకుని, కుర్చీ దగ్గరకి లాక్కుని తండ్రి ఎదురుగా కూర్చుంది. "పెద్దాయనా, మీవాడు చెప్పిన లెక్క తప్పు కాదు, అర్థం తప్పు. 1.1 కన్నా తక్కువుంటే బతకరని ఎవరూ రాయలేదు. అలాంటి వాళ్ళలో జబ్బు కాస్త మొండిగా ఉంటుందని రాశారు. మొండి జబ్బుకి మందు ఆపుతామా, గట్టిగా పూర్తిగా ఇస్తామా?" అంది.

తర్వాత కాగితం తీసి ఏడు మార్కుల పట్టిక రాసింది. ఆల్బుమిన్ 3.4, ఒక మార్కు. హిమోగ్లోబిన్ 10.2, ఒక మార్కు. మగవాడు, ఒక మార్కు. వయసు తక్కువ, మార్కు లేదు. మూడో దశ, నాలుగోది కాదు, మార్కు లేదు. తెల్ల కణాలు 15,000 లేవు, మార్కు లేదు. లింఫోసైట్లు 9 శాతం, అంటే 990. గీత 8 శాతం, 600. మార్కు లేదు. మొత్తం మూడు. "ఆ పాత లెక్కల్లోనే మూడు మార్కులు వచ్చిన వాళ్ళలో నూటికి 60 మందికి ఐదేళ్ళ తర్వాత కూడా జబ్బు తిరగబెట్టలేదు. ఐదు మార్కులు, అంతకన్నా ఎక్కువ వచ్చిన వాళ్ళలో కూడా నూటికి 42 మంది అలాగే ఉన్నారు. ఇప్పుడు మందులు, పరీక్షలు అప్పటికన్నా మెరుగు. కానీ ఒక్క మాట. ఈ లెక్కంతా మందు తీసుకున్న వాళ్ళది. ఇంటికి తీసుకుపోయిన వాళ్ళ లెక్క ఈ పట్టికలో లేదు" అంది.

తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నూటికి 60 అంటే మా మగ్గం మీద రోజుకి అంత నమ్మకం కూడా ఉండదమ్మా" అన్నాడు. ఆ గదిలో మొదటిసారి గుంటడు నవ్వాడు.

పదిహేను రోజులకొకటి చొప్పున 12 సూదిమందులు, ఆరు నెలలు పట్టింది. జుట్టు పోయింది, వాంతులయ్యాయి, రెండుసార్లు తెల్ల కణాలు పడిపోయి మందు వారం వాయిదా పడింది. పొలం అమ్మలేదు, తాకట్టు పెట్టారు, ఇంకా తీర్చుకుంటున్నారు. చివర స్కానులో జబ్బు కనిపించలేదు. ఇప్పటికీ చెప్పిన తేదీకి వెళ్ళి చూపించుకుంటున్నాడు. ఇవాళ ఆ వెనక వరసలో కూర్చున్నాడు. అందరూ వెనక్కి తిరక్కండి, వాడికి సిగ్గు.

రెండో ఇంటి సంగతి చెప్పడం కష్టం, అయినా చెప్పాలి.

ఆసు పోసే ఒక అత్త, 60 దాటిన మనిషి. ఆమెకి వచ్చింది హాడ్జ్‌కిన్ కాని రకం. మూడు వారాలకొకటి చొప్పున ఆరుసార్లు మందు అన్నారు. ఆమె చీటీలో పాళ్ళు బాగున్నాయి, పాలు 3 పైనే. "మంచి రక్తం" అని ఇంట్లో అందరూ ధైర్యపడ్డారు. మూడు సార్లకే బిళ్ళలు చెయ్యి పెడితే తగలనంతగా కరిగిపోయాయి. ఆమె లేచి పని చేసుకుంది. వరి కోతలు వచ్చాయి, రైలు ఖర్చు, తోడు వెళ్ళేవాళ్ళకి కూలి పోవడం, తగ్గిపోయింది కదా అన్న ధీమా, అన్నీ కలిసి నాలుగోసారికి వెళ్ళలేదు. ఐదు నెలల తర్వాత బిళ్ళలు మళ్ళీ వచ్చాయి, ఈసారి కడుపులో కూడా. అప్పుడు మందు పనిచెయ్యలేదు. ఆమె మనకి దక్కలేదు.

పాళ్ళు బాగాలేని గుంటడు మన మధ్య ఉన్నాడు. పాళ్ళు బాగున్న అత్త లేదు. ఇద్దరిని చూసి పాళ్ళు అబద్ధం అనుకోవద్దు. వెయ్యి మందిని పక్కపక్కన పెడితే పాళ్ళు నిజమే చెప్తాయి. ఒక్క మనిషి దగ్గరకి వచ్చేసరికి, మందు పూర్తిగా తీసుకున్నాడా లేదా అన్నది వాటికన్నా పెద్ద అంకె.

మన ప్రాంతానికి సంబంధించి ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ పాళ్ళు చాలా తేలిగ్గా మారిపోతాయి. మలేరియా మన కోరాపుట్, రాయగడ కొండల్లో కొత్త కాదు. మలేరియా వస్తే లింఫోసైట్లు, ప్లేట్లెట్లు తగ్గుతాయి, మోనోసైట్లు పెరగొచ్చు. క్షయలో కూడా పాళ్ళు తిరగబడతాయి. చీము గడ్డ, దెబ్బ, ఆపరేషను, కాన్పు తర్వాత న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి. కాబట్టి జ్వరంలో తీసిన చీటీ చూసి లింఫోమా అని గాని, జబ్బు ముదిరిందని గాని ఎవరూ అనుకోకూడదు.

అన్నిటికన్నా పెద్దది స్టెరాయిడ్. ఒళ్ళు నొప్పులకి, ఆయాసానికి, దురదకి, చిన్న జ్వరానికి కూడా కొన్నిచోట్ల స్టెరాయిడ్ సూది వేసేస్తారు. వేసిన కొన్ని గంటల్లోనే న్యూట్రోఫిల్స్ పెరిగి లింఫోసైట్లు తగ్గుతాయి. పాళ్ళు అబద్ధం చెప్తాయి. అంతకన్నా ప్రమాదం, లింఫోమా బిళ్ళ స్టెరాయిడ్‌కి తాత్కాలికంగా కరుగుతుంది. జబ్బు పోయిందనుకుంటాం. అప్పుడు ముక్క తీసినా పరీక్షలో సరిగ్గా తేలకపోవచ్చు. బిళ్ళ ఉన్నవాళ్ళు సూది వేయించుకునే ముందు, "ఇందులో స్టెరాయిడ్ ఉందా?" అని అడగండి. అడిగితే ఎవరికీ కోపం రాకూడదు. వస్తే లేచి వచ్చెయ్యండి. నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగుతున్న వాళ్ళు మాత్రం సొంతంగా ఆపకండి, డాక్టరుకి చెప్పి చెయ్యండి.

ఇప్పుడు మనం చెయ్యాల్సింది చెప్తాను.

మూడు నాలుగు వారాలు దాటినా తగ్గని బిళ్ళ ఉంటే చూపించుకోండి. కోరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. అక్కడనుంచి పెద్ద చోటుకి పంపితే కటక్‌లో ఆచార్య హరిహర్ కేన్సరు సంస్థ ఉంది. రైలు మనకి అనువైనది విశాఖపట్నం. అక్కడ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా కేన్సరు ఆసుపత్రి ఉంది. మాట తెలుగులో జరుగుతుంది, మనకది పెద్ద ధైర్యం.

కత్తి పెడితే జబ్బు పాకుతుందని మన పెద్దవాళ్ళు అంటారు. లింఫోమా బిళ్ళ తీసి పరీక్ష చేస్తే జబ్బు పాకదు. సూదితో లాగి చూసే పరీక్ష చాలాసార్లు సరిపోదు. వీలైతే బిళ్ళ మొత్తం తియ్యడమే మంచిదని డాక్టర్లు అంటారు. రకం సరిగ్గా తెలిస్తేనే సరైన మందు.

పాత చీటీలు పారెయ్యకండి. మన ఇళ్ళల్లో పది ఏళ్ళ నాటి పాస్‌బుక్కు ఉంటుంది, పోయిన నెల రక్తం చీటీ ఉండదు. ఒక్క చీటీలో అంకె కన్నా, మూడు చీటీలు పక్కపక్కన పెట్టినప్పుడు అంకె ఎటు నడుస్తోందో డాక్టరుకి ఎక్కువ తెలుస్తుంది. ప్రతి చీటీ వెనక మూడు మాటలు రాయండి: ఆ రోజు జ్వరం ఉందా, ఏ మందు వాడుతున్నాం, ముందు వారంలో ఏ సూది వేయించుకున్నాం. డాక్టరు ఆ లెక్క చూడటానికి అది చాలు.

ఫోన్లో లెక్క కొట్టే పిల్లలకి ఒక మాట. చదవండి, తెలుసుకోండి, మంచిదే. కానీ రోగి వినేలా చదవకండి. చదివింది ప్రశ్నగా రాసుకుని డాక్టరు దగ్గర అడగండి. "పాలు ఎంత?" అన్నది ఒక్కటే అడిగితే చాలదు. "ఏ రకం? ఏ దశ? ఎన్నిసార్లు మందు? మధ్యలో ఆపితే ఏమవుతుంది? కొన్ని సూదులు మా దగ్గర ఆసుపత్రిలో వేయించుకోవచ్చా?" అని అడగండి. ఈ చివరి ప్రశ్న రైలు ఖర్చు మిగల్చొచ్చు. ఒడిశాలో జిల్లా ఆసుపత్రుల్లో పగటిపూట కీమో ఇచ్చే ఏర్పాట్లు వచ్చాయి. అన్ని మందులూ అక్కడ కుదరవు, అడిగి చూడాలి.

కార్డు సంగతి. 2025 నుంచి మన రాష్ట్రంలో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కార్డులు ఇస్తున్నారు. జబ్బు వచ్చాక కార్డు కోసం తిరగడం కన్నా ముందే చేయించుకోండి. పేరులో అక్షరం తేడా, వయసు తేడా ఉంటే ఇప్పుడే దిద్దించుకోండి. వేరే రాష్ట్రంలో చేరేముందు, ఆ ఆసుపత్రిలో, ఆ జబ్బుకి మన కార్డు చెల్లుతుందా అని కౌంటరులో అడిగి తేల్చుకోండి.

చివరగా సంఘం పని. అత్త నాలుగోసారికి వెళ్ళకపోవడానికి కారణం ఆమె అజ్ఞానం ఒక్కటే కాదు. ఆ వారం ఆమెతో వెళ్ళడానికి మనిషి లేడు, వెళ్ళినవాడి కూలి ఎవరూ ఇవ్వరు. మగ్గం ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది. కాబట్టి సమాఖ్య ముందు నేను రెండు కోరికలు పెడుతున్నాను. కేన్సరు మందు నడుస్తున్న ప్రతి నేత ఇంటికి ఒక తోడు మనిషిని సంఘం చూడాలి, ఆ మనిషి కూలిని, రైలు ఛార్జీని సంక్షేమ నిధి నుంచి ఇవ్వాలి. ఇంకోటి, మందు తేదీలు సంఘం ఆఫీసు గోడ మీద, నూలు పంపిణీ తేదీల పక్కనే రాయాలి. రోగి పేరు అక్కర్లేదు, ఇంటి నంబరు చాలు, అదీ ఇంటివాళ్ళు ఒప్పుకుంటేనే. తేదీ దాటితే ఎవరో ఒకరు వెళ్ళి తలుపు తట్టాలి.

ఆల్ రంగు నూలుకి ఒక్క రోజులో పట్టదు. ఆముదం నూనె, పేడ, బూడిద నీళ్ళు పెట్టి, ఉతికి, ఆరబెట్టి, మళ్ళీ మళ్ళీ చేస్తే వారాలకి పడుతుంది. మూడో ఉతుకులో నూలు బాగానే ఉంది కదా అని ఎవరూ ఆపరు. ఆపితే రంగు నిలవదని మనకి తెల్సు. మందు కూడా అలాగే చివరిదాకా పట్టించాలి.

మధ్యాహ్నం భోజనాల తర్వాత నూలు ధర మీటింగు ఉంది, అందరూ ఉండండి. అక్కడ నా రెండు కోరికల మీద చేతులెత్తి తేల్చాలి.